తాడు కొస

మంథనికి దిగువన
మానేరు గోదారిల గలిసే కాడ
నీళ్లది ఒక్క మాట గాదు.
మీద చాయ్ రంగు, సప్పుడు లేకుంట.
రెండు బారల లోతుల
పక్కకు గుంజే ఇంకో ఏరు.

నిన్న ఇసుక ట్రాక్టరు ఒకటి మునిగింది.
డ్రైవరు ఈదుకుంట ఒడ్డెక్కిండు, ఇంజను ఎక్కలే.
దానికి గొలుసు తగిలియ్యాలె.
ఓనరు తిరుమల్‌రావు
కారు బానెట్ మీద నోట్లు లెక్కవెడుతున్నడు.

నేను ఓదెలును, తాడు పట్టేటోన్ని.
ఎడమ చెవును ఎన్నడో నీళ్లకే ఇచ్చిన.
ఇప్పుడు నా చెవులు అరచేతులల్ల ఉన్నయి.

ముందుగాల మోదుగు పుల్ల ఒకటి ఇసిరిన.
పది అడుగులు పోవుటానికి ఆరు లెక్కవడ్డది.
ఐదే అయితే
ఎవ్వలు జెప్పినా దిగనియ్యకపోదును.

స్రవంతీ, బిడ్డా,
పేరుల ఏరున్నదని
ఏరు నిన్ను సుట్టమనుకోదు.

సిలిండరు బిగించుకుంటాంటే పాత పాఠమే మల్ల సదివిన:
ఒక్క గుంజు, బాగున్న.
రెండు, తాడు ఇడువు.
మూడు, వస్తున్న, సుట్టు.
వరుసవెట్టి గుంజితె
ఇగ నన్ను అడగకు, లాగు.
"తెలుసు పెద్దనాయనా" అన్నది.
తెలుసు.
తెలిసినోళ్లనే తీస్కపోతది ఇది.

గాలిని మూడు పాళ్లు జెయ్యి.
ఒకటి పోనీకి, ఒకటి రానీకి.
మూడోది నీది గాదు,
కీడుకు దాసిపెట్టిన పాలు, ముట్టకు.
పోయేటప్పుడే ఎదురు పో,
అలసిన ఒంటిని మళ్లేటప్పుడు వరదే మోస్తది.
అడుగున బండలు పట్టుకొని ఎండ్రికాయ లెక్క పాకు,
నేలకాడ నీళ్లకు కోపం తక్కువ.
కొట్టుకపోతే కొట్లాడకు.
మేడారం జాతరల మంది నడుమ ఇరుక్కున్నోడు
ఎనుకకు తోస్తడా?
పక్కకు, పక్కకు జరుగుకుంట సందు జూస్కుంటడు.
గట్లనే, ఐమూలగ.

బక్కయ్య ముచ్చట మాత్రం ఎత్తలే.
తాడు జారొద్దని
మణికట్టుకు పీటముడి ఏసుకున్నడు వాడు.
జారలే.
అందుకే నీ నడుముకాడి కొక్కెం
ఒక్క ఏలుతోని ఊడాలె.
కండ్లు మూయించి మూడుసార్లు ఊడదీయించిన.
నవ్వుకుంటనే ఊడదీసింది పోరి.

దిగింది.
బుడగలు కొంచెం సేపు కనవడ్డయి,
ఆ తర్వాత నురుగుల గలిసినయి.
తాడు పోయింది, పోయింది, ఆగింది.
ఒక్క గుంజు.
నేను ఒక్కటి జవాబిచ్చిన.
ఇగ గీ లోకంల మా ఇద్దరికి ఉన్న భాష గంతే.

పదకొండో నిమిషం తాడు వణికింది.
గుంజు గాదది, వరద మీటుతాంది తీగెను మీటినట్టు.
కొత్తోడైతే బెదిరి లాగేస్తడు.
నేను ఊపిరి బిగవట్టి
ఆమె ఊపిరి లెక్కవెట్టిన.

పద్దెనిమిదికి
మూడు.

నిమ్మలంగ సుట్టిన,
బుడగ కంటె ముందు మనిషి రావొద్దని.
రామగుండం దిక్కు పొద్దు వాలుతాంది.
తల తేలింది.
చేతుల గొలుసు అట్లనే ఉన్నది.

"చక్రం కనవడలే గని చేతికి తగిలింది.
కొక్కానికి ఇంకా జానెడు.
ముల్లు మూడో పాలు మీదికి వచ్చింది."
"జానెడే గదమ్మా!"
తిరుమల్‌రావు చెప్పులతోనే నీళ్లల్లకు దిగిండు.
"ఇంకొక్క నిమిషం ఉంటే ఏంబోయేది?"
ఆమె మాట్లాడలే.
మాస్కుల నీళ్లు ఒంపుకుంట కూసున్నది,
పెదవులు నీలంగ.
నేనే అన్న:
సేటూ, ఆ జానెడులనే బక్కయ్య ఉన్నడు.

నోట్లు మళ్ల జేబులకు పోయినయి.
నీళ్లు తగ్గినంక రమ్మన్నడో
ఇంకోన్ని జూస్కుంటనన్నడో
నా మంచి చెవు అటు దిక్కు లేదు.

రాత్రి దండెం మీద తాడు ఆరేసిన.
వాకిట్ల సుక్క సుక్క గోదారి కారుతాంది.
నిద్రల అరచెయ్యి ఉలిక్కిపడ్డది.
"ఏమైందయ్యా" అంటది సారవ్వ.
ఏం లేదు.
ఒక్క గుంజు.
ఎవలిదో అడగలే నేను.
పిడికిలి ముడిసి
ఒక్కటి జవాబిచ్చి
అటు ఒత్తిగిల్లి పండుకున్న.